తాతబ్బాయి కాపలా

నేను ఒక మిలిటరీ కంబళిని. రంగు బూడిద, ఒళ్లంతా గరుకు. నన్ను నేసినవాళ్లు మెత్తదనం గురించి క్షణమైనా ఆలోచించినట్టు లేదు. గొప్పలు పోతున్నానని కాదుగానీ, మంచుకొండల్లో నా వెచ్చదనం ముందు పట్టుపరుపులు దిగదుడుపే.

నన్ను మొదట అందుకున్నవాడు గోదావరి కుర్రాడు, సిపాయి తాతబ్బాయి. యుద్ధం రోజుల్లో ఒక మధ్యాహ్నం మంచులో సెంట్రీ కాస్తూ, చలికి ఆగలేక నన్ను తలమీదుగా కప్పుకున్నాడు. మూడు రోజులుగా నిద్ర లేదు పాపం. నా వెచ్చదనానికి రెప్ప వాలింది. కాసేపే. ఆ కాసేపట్లోనే శత్రువులు వచ్చిపడ్డారు. గుడారంలో పడుకున్న నేస్తం సోమలింగం మళ్లీ లేవలేదు. ఆ తప్పులో సగం నాది. కానీ కంబళిని ఎవరు నిలదీస్తారు? ఈ సంగతి తాతబ్బాయి తన తోటి సిపాయి ఏసుపాదానికి తప్ప ఎవరికీ చెప్పలేదు.

రిటైరై ఊరొచ్చాక నన్ను మడిచి ఆసనం చేసుకున్నాడు. ప్రతి ఆదివారం పొద్దున్నే అతనితో కలిపి ఏడుగురు మాజీ సైనికులు బస్టాండు పక్కన కూర్చుంటారు. వాళ్లలో తలుపులు అనే ఆయనది జపం, కరీం సాయెబుది తస్బీమాల, ఏసుపాదానిది ప్రార్థన. పైకి మాత్రం అందరిదీ మౌనమే. ముందొక అట్టముక్క: "యుద్ధం చూసినవాళ్లం. వద్దంటున్నాం." టీవీ చూసి యుద్ధం కావాలని ఎగిరేవాళ్లు కూడా అక్కడికొచ్చేసరికి గొంతు తగ్గిస్తారు. ఈ మనుషులు చిత్రమైనవాళ్లు, అరిస్తే వినరు, ఊరుకుంటే వింటారు.

అయితే మన వీరులకో జబ్బుంది. అందరూ ఒకేసారి కళ్లు మూసుకోలేరు. నడిబజార్లో ఏడుగురు సైనికులు కళ్లు మూసుకోవడమే! ఒకడు కాపలా ఉండాల్సిందే. వంతులేసుకుందామంటే ప్రతిసారీ తాతబ్బాయే "నేనుంటాన్లే" అనేవాడు. పన్నెండేళ్లు ఇదే తంతు. మిగతావాళ్ల మొహాలు తేటపడ్డాయి, ఇతని కళ్లు ఎర్రగానే ఉండిపోయాయి. నిద్రమాత్రలూ పనిచెయ్యలేదు. ఇలాగైతే గుండె మోయదని డాక్టరు తేల్చేశాడు. నాకు కడుపు తరుక్కుపోయింది. కంబళికి కడుపెక్కడిదంటారా, అదంతే.

మొన్న ఆదివారం ఏసుపాదం కూర్చోలేదు. మోకాళ్ల నొప్పితో కుంటుతూ వచ్చి తాతబ్బాయి ముందు అటెన్షన్‌లో నిలబడ్డాడు.

"ఏంట్రా ఈ వేషాలు?" అన్నాడు తాతబ్బాయి.

"గార్డు మార్పు. డ్యూటీ నాకప్పగించు."

"నాకలవాటేలేరా, కూర్చో."

"వంతు మారేవాడొస్తే సెంట్రీ దిగాలి. రూల్ మర్చిపోయావా? యాభై ఏళ్లు దాటిందిరా. సోమలింగమైనా నిన్ను ఇన్నాళ్లు నిలబెట్టడు."

తాతబ్బాయి మెల్లగా లేచి, నిటారుగా నిలబడి, పద్ధతి ప్రకారం సెల్యూట్ చేశాడు.

"అంతా సవ్యంగానే ఉంది" అని రిపోర్టిచ్చాడు.

"సరే. ఇక నేను చూసుకుంటాను."

తాతబ్బాయి నా మీద కూర్చుని కళ్లు మూసుకున్నాడు. కాసేపటికి పక్కకు ఒరిగాడు. తర్వాత గురక మొదలైంది. గంటసేపటి మౌనం అయిపోయింది, మిగతా అయిదుగురూ కళ్లు తెరిచారు, ఎవరూ లేపలేదు. పదిన్నర బస్సు వచ్చింది. ఎండలో నిలబడ్డ ఏసుపాదం పెదాలమీద వేలుంచుకుని డ్రైవరు వైపు చూశాడు. డ్రైవరు హారన్ మీంచి చెయ్యి తీసి, ఇంజను కూడా ఆపేశాడు.