ఐదో అంతస్తు నుంచి ఫిర్యాదు

ఆ బారు తలుపు మీద నోటీసు అంటించింది మీరే. వార్డు ఆఫీసులో పచ్చ సిరాతో సంతకాలు పెట్టే అధికారీ, మీరే. పక్క స్థలంలో ఆరంతస్తులు లేపుతున్న కంపెనీ పెద్దలూ, మీరే. ఒకరు రాయించారు, ఒకరు ముద్ర వేశారు. మధ్యలో జనం ఒకరినొకరు అనుమానించుకుని చస్తారని మీకు తెలుసు. అలాగే జరిగింది. ఎలా జరిగిందో వినండి.

ఆ బారులో చూడటానికి ఏమీ ఉండదు. రేకుల కప్పు, ఏడు బల్లలు, తలుపు సరిగా పడక తాడుతో కట్టేసిన ఫ్రిజ్జు, ఒకే వేగం తెలిసిన ఫ్యాను. గోడకు ఆనుకుంటే వెల్ల వీపుకు అంటుకుంటుంది. పెద్ద బారుల్లో తలుపు తీసేవాడు ముందు మన చెప్పుల వంక చూస్తాడు. ఇక్కడ తలుపు తీసేవాడే లేడు. చేతికి గ్రీజున్నా చొక్కాకు సిమెంటున్నా కుర్చీ కుర్చీయే. చవక ఒక్కటే కావాలంటే సీసా కొనుక్కుని ఇంటికి పోవచ్చు. ఇంట్లో కూర్చోవడానికి చోటుండాలి కదా.

లిఫ్టాయనకు ఆ చోటు లేదు. లిఫ్టులు బిగించే పని అతనిది. యాభై రెండేళ్లు. తమ్ముడింట్లో, వంటగదికీ గుమ్మానికీ మధ్య మడతమంచం మీద పడుకుంటాడు. సాయంత్రం మరదలు పిల్లల్ని చదివించడానికి కూర్చోబెడితే మంచం మడిచెయ్యాలి. మంచం మడిస్తే ఆ మనిషి ఎక్కడ ఉంటాడని ఎవరూ అడగలేదు. పదకొండేళ్లుగా ఐదున్నర నుంచి ఎనిమిది దాకా అతను బారులో మూడో బల్ల దగ్గరుంటాడు. అది పోతే రోడ్డు మీద నిలబడాలి.

ఆ బారుకొక కట్టుబాటుంది. పేరు అడగకూడదు. ఇప్పుడు నడుపుతున్న అక్క భర్త బతికున్న రోజుల్లో, సమ్మె చేస్తున్న కూలీల్లో ఎవరెవరు ఇక్కడికి వస్తున్నారో ఒక మిల్లు మనుషులు పేర్లడిగి రాసుకుపోయారు. మర్నాడు తొమ్మిదిమందికి పని పోయింది. ఆనాటి నుంచి పేరనేది గుమ్మం బయటే. లోపల పనిని బట్టి, వాలకాన్ని బట్టి పిలుపు. లిఫ్టు, సున్నం, నిచ్చెన. గోడలకు రంగులేసే సున్నం పక్కన పదకొండేళ్లు కూర్చున్నా, అతని అసలు పేరేమిటో లిఫ్టాయనకు తెలియదు.

నోటీసులో ఏముంది? వీధి నివాసులు నలభై ఒక్కమంది గోల భరించలేక ఫిర్యాదు చేశారట. లైసెన్సు రద్దు చేస్తారట. అభ్యంతరాలుంటే పదిహేను రోజుల్లో చెప్పుకోవాలట. అక్క అర్జీ రాయించి బల్లబల్లకూ తిప్పింది. అరవైమంది సంతకాలు పెట్టారు. ఏమని పెట్టారు? లిఫ్టు అని, సున్నం అని, నిచ్చెన అని. పక్కవాడు చూస్తుండగా అసలు పేరు రాయడానికి ఒక్కరికీ చెయ్యి రాలేదు. అది తప్పని కూడా ఒక్కరికీ తోచలేదు.

వారంలో జవాబొచ్చింది. ఈ పేర్లు గలవారెవరూ లేరు, వీరు అసలు పేర్లు దాచుకునే అలవాటు గలవారని తెలిసింది, అభ్యంతరం తోసివేయడమైనది, సోమవారం తుది విచారణ.

"తెలిసిందంటున్నాడు," అన్నాడు సున్నం. "ఎవరు చెబితే తెలిసిందట?"

ఆ ఒక్క ప్రశ్నతో బారు బారు కాకుండా పోయింది. బల్లకు నలుగురు కూర్చునేవాళ్లు ఇద్దరయ్యారు. ఎవడైనా ఫోనొచ్చి బయటికి వెళితే వీపులన్నీ చెవులయ్యాయి. సున్నం కాళ్లకు కొత్త చెప్పులు కనబడ్డాయి లిఫ్టాయనకు. ఇన్నాళ్లూ లేనివి ఇప్పుడే ఎలా వచ్చాయి? నిచ్చెన కిందటి నెల కుళాయి పనికని వార్డు ఆఫీసుకు వెళ్లాడు. కుళాయి పనికేనా? ఒక సాయంత్రం అక్క గ్లాసు ముందు పెడుతుంటే లిఫ్టాయన ఆమెనే అనుమానించాడు. కంపెనీకి అమ్మేసి మనతో నాటకం ఆడుతోందేమో. ఆ ఆలోచనకు తనమీద తనకే ఒళ్లు మండింది. అయినా గ్లాసు వాసన చూశాకే తాగాడు.

చివరికి అందరి కళ్లూ ఒకడి మీద ఆగాయి. అతనొచ్చి రెండు నెలలే అయింది. నలగని చొక్కా వేసుకొస్తాడు కాబట్టి ఇస్త్రీ అన్నారు. మూల బల్ల దగ్గర ఒక్క సీసాతో రెండు గంటలు కూర్చుంటాడు. నోటీసు పడ్డప్పటి నుంచి చిన్న పుస్తకంలో ఏదో రాసుకుంటున్నాడు.

శుక్రవారం సాయంత్రం లిఫ్టాయన వెళ్లి అతని ఎదురుగా కూర్చున్నాడు.

"ఏం రాస్తున్నావు, ఇస్త్రీ?"

"ఏం లేదు."

"ఏం లేనిదానికి పెన్నెందుకు?"

పుస్తకం లాక్కున్నాడు. అట్ట మీద వార్డు ఆఫీసు ముద్ర ఉంది. సున్నం లేచి తలుపు గడియ పెట్టాడు.

"రెండు నెలలు మన అక్క ఉడికించిన గుడ్లు తిన్నాడు మహానుభావుడు. ఉప్పు తక్కువైందని కూడా అన్నాడు," అన్నాడు సున్నం.

ఇస్త్రీ కదల్లేదు. "నేను ఆ ఆఫీసులో టైపిస్టుని," అన్నాడు. "మీ అర్జీ చూసి అధికారి నవ్వాడు. నిచ్చెన సంతకం పెట్టడమేమిటయ్యా అన్నాడు. మీరు దొంగలు కారని చెబుదామని, అక్కడెవరూ పేర్లడగరండీ అన్నాను. ఆ ముక్కే తిప్పి టైపు కొట్టమన్నాడు."

"అంటే నువ్వే."

"నేనే."

"మరి ఇదేంటి?" లిఫ్టాయన పుస్తకం తెరిచాడు. పేజీ నిండా నంబర్లు. ఐదు వందల ఒకటి, ఐదు వందల నాలుగు, ఆరు వందల రెండు.

"ఫిర్యాదు చేసినవాళ్ల ఇళ్లు. ఆ కాగితం అధికారి బీరువాలో ఉంది. చూసినప్పుడల్లా నాలుగైదు గుర్తుపెట్టుకుని ఇక్కడికొచ్చి రాస్తున్నాను. అన్నీ పక్క భవనంవే."

లిఫ్టాయన ఆ నంబర్లను మళ్లీ చదివాడు. ఇన్నాళ్లకు మొదటిసారి నవ్వొచ్చింది.

"ఐదో అంతస్తులో ఎవరుంటారయ్యా, పావురాలా? అక్కడ లిఫ్టు బిగిస్తున్నది నేనే. లిఫ్టు మూడో అంతస్తు దాకానే నడుస్తుంది, మెట్లు నాలుగో దాకానే ఉన్నాయి. నిన్న ఐదోదానికి పరంజా పట్టుకుని ఎక్కాను. గోడల్లేవు. తలుపుల్లేవు. బయటికి కనబడేవైపు అద్దాలు మాత్రం బిగించారు."

"అయితే లేని తలుపుల వెనకాల మన గోల వినబడిందన్నమాట," అంది అక్క.

లిఫ్టాయన నవ్వు ఆగిపోయింది. "ఇదంతా మాకెందుకు చెబుతున్నావు? రేపు దీన్ని కూడా టైపు కొడతావా?"

"ఆఫీసులో రోజుకు వందమంది నన్ను సార్ అంటారు. కూర్చోమని ఒక్కడూ అనడు," అన్నాడు ఇస్త్రీ. "ఇక్కడ కూర్చున్నాక లేవమని ఎవరూ అనలేదు. ఇవాళ అంటారేమో."

లిఫ్టాయనకు నమ్మకం కుదరలేదు. కానీ ఐదో అంతస్తు తను కళ్లారా చూసింది. దానికి ఎవరి మాటా నమ్మక్కర్లేదు. ఆ ముక్క కాగితం మీద పెట్టాలి, కింద అసలు పేరు, ఇంటి నంబరు రాయాలి. రాస్తే కంపెనీ మర్నాడే గెంటేస్తుంది. రెండేళ్ల పని. ఆ పని పోతే తమ్ముడింట్లో మడతమంచం కూడా అనుమానమే.

అక్క పెన్ను పక్కకు జరిపింది. "నువ్వొద్దు లిఫ్టూ. పేర్లు రాసుకుపోతే ఏమైందో ఈ బారుకు తెలుసు."

"అప్పుడు వాళ్లు రాసుకుపోయారక్కా. ఇప్పుడు మనం రాస్తున్నాం." సున్నం వైపు తిరిగాడు. "ఆ గడియ తియ్యి. దొంగల్లా లోపల కూర్చుని రాయను."

సున్నం గడియ తీశాడు. లిఫ్టాయన రాశాడు. మెల్లగా, విడివిడి అక్షరాల్లో, ఇంటిపేరుతో సహా. అదేమిటో ఇక్కడెందుకు, అర్జీలో ఉంది, వెళ్లి చదువుకోండి.

సున్నం తల వంచి చూశాడు. "ఇదా నీ పేరు. మా మేనమామదీ ఇదే. వాడూ మొండివాడే." అని పెన్నందుకున్నాడు.

శని, ఆదివారాలు గడిచేసరికి యాభై ఏడుమంది రాశారు. ముగ్గురు రాయలేదు. వాళ్లను ఎవరూ ఏమీ అనలేదు, అదోలా చూశారంతే. ఇస్త్రీ పెన్నందుకుని, మళ్లీ మూత పెట్టేశాడు. నేనూ రాస్తే ఆ బీరువా దగ్గర మీకు మనిషుండడు అన్నాడు. అది భయమో ఉపాయమో లిఫ్టాయనకు ఇప్పటికీ తేలలేదు.

అధికారీ, ఈసారి పేర్లున్నాయి, ఇంటి నంబర్లున్నాయి, ఇక మీకు వంక లేదు. సోమవారం పదింటికి బీరువా తీసి ఆ నలభై ఒక్కమంది కాగితం అందరి ముందూ చదవండి. తర్వాత కుర్చీలోంచి లేచి ఆ భవనానికి రండి. కంపెనీ పెద్దల్ని కూడా వెంటబెట్టుకు రండి, లిఫ్టాయనను పనిలోంచి తీసే మాటుంటే యాభై ఏడుమంది ముందు అక్కడే చెప్పమనండి. మూడో అంతస్తు దాకా లిఫ్టుంది, ఆపైన ఎక్కండి. ఐదు వందల ఒకటో నంబరు తలుపు కొట్టండి. ఎవరైనా తీస్తే బారు మూసెయ్యండి. తలుపే లేకపోతే కిందికి దిగి, ఆ నోటీసు మీ చేత్తో మీరే చింపండి.