తగ్గిందన్న అప్పు

"ఆ షెడ్డు పోతుందే. చూస్తూ ఉండు, నా తమ్ముడు రోడ్డున పడతాడు."

బస్సు ఇంకా ఆగనైనా లేదు, ఆమె కూతురితో ఆ మాట అనేసింది. ఏం సంతకమో, ఎందుకు పెట్టాలో అప్పటికి ఆమెకు ఒక్క ముక్క తెలియదు. పొద్దున్నే తమ్ముడు ఫోన్ చేసి, "చిన్న కాగితం అక్కా, బ్యాంకతను వచ్చి సంతకం తీసుకుంటానన్నాడు. మన అమ్మడికి ఇవాళ సెలవేగా, ఓసారి వచ్చి చూసి పొమ్మను" అన్నాడు. చిన్న కాగితం అనగానే ఆమె కూతుర్ని వెంటబెట్టుకుని బస్సెక్కేసింది. పెద్ద కాగితమైతే జనం నలుగురికీ చూపించుకుంటారు, చిన్నదైతే నిలబడే సంతకం గీకేస్తారు. కొంపలు మునిగేది అక్కడే అని ఆమె లెక్క.

అసలు ఆమెకు భయం లేనిదెక్కడ గనక! కుక్కర్ కూత ఆలస్యమైతే పేలిపోతుందంటుంది. కూతురు ఫోన్ ఎత్తకపోతే ఆస్పత్రుల పేర్లు తలుచుకుంటుంది. తమ్ముడు ఆమెను కంగారక్కా అని పిలిచేది ఊరికే కాదు. అలాంటప్పుడు కూతురు "అబ్బ, ఆపమ్మా" అని విసుక్కునేది. ఇవాళ మాత్రం కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చుంది. ఆమెను కుదిపేసింది అదే.

కూతురు పనిచేసేది పెద్ద రంగుల కంపెనీలో, అప్పుల సెక్షన్‌లో. చేరిన కొత్తలో ఆమె అడిగింది, "అప్పులు తీర్చే సెక్షనా?" అని. "తీర్చేది కాదమ్మా, తిప్పేది" అని నవ్వింది కూతురు. ఒకచోట తెచ్చిన డబ్బు గడువుకొస్తే ఇంకోచోట తెచ్చి ఇక్కడ కట్టాలట. అది గడువుకొస్తే మరోచోట. అలా ఎన్నాళ్ళే అంటే, పెద్ద కంపెనీలన్నీ అంతేనమ్మా అంది. అదే పని తను కిరాణా కొట్లో చేస్తే గుమ్మం ఎక్కనివ్వరు కదా అని ఆమె మనసులో అనుకుంది. పైకి అనలేదు. నెలనెలా జీతం వస్తోంది, ఎందుకొచ్చిన గొడవ.

తమ్ముడిదీ ఆ కంపెనీ నీడలోని బతుకే. ఆ రంగులు పోసే డబ్బాలు చేసేది అతనే. షెడ్డులోకి అడుగు పెడితే రేకుల వేడి ముఖానికి కొట్టింది. ఒక పక్క రేకును గుండ్రంగా చుట్టే రోలరు, ఇంకో పక్క మూత అంచు వత్తే ప్రెస్సు, వెనక గోడదాకా నీలం అక్షరాల్లో కంపెనీ పేరు అచ్చయిన డబ్బాలు. ఆ పేరు పడ్డాక ఆ డబ్బా ఇంకెవడికీ పనికిరాదు. కంపెనీ తీసుకుంటే సరుకు, తీసుకోకపోతే తుక్కు.

గోడకు అద్దం కట్టించిన పేపర్ కటింగ్ ఒకటి వేలాడుతోంది. అందులో కంపెనీ చైర్మన్ పళ్ళన్నీ కనిపించేలా నవ్వుతున్నాడు. కింద పెద్ద అక్షరాలు: ఒక్క ఏడాదిలో అప్పు సగానికి తగ్గించిన సంస్థ.

"చూశావా అక్కా, అంత అప్పు ఎలా ఊడ్చేశాడో! మొనగాడు" అన్నాడు తమ్ముడు, చేతులు తుడుచుకుంటూ.

"ఊడ్చింది ఎక్కడ పోశాడట?" అంది ఆమె.

కూతురు చటుక్కున తలెత్తి తల్లి వైపు చూసింది. మళ్ళీ దించుకుంది.

బ్యాంకతను స్టూలు మీద ఫైలు పరిచి, మర్యాదగానే విడమరిచి చెప్పాడు. ఇన్నాళ్ళూ డబ్బాలు కంపెనీకి చేరగానే ఆ బిల్లు మీద బ్యాంకు ఇతనికి డబ్బిచ్చేసేది, కంపెనీ రెండు నెలల్లో బ్యాంకుకు కట్టేసేది. కంపెనీ ఇప్పుడు ఆ గడువు ఆరు నెలలు కావాలంది. గడువు పెరిగింది గనక బ్యాంకు కొంచెం హామీ అడుగుతోంది.

"కొంచెం అంటే?"

"ఈ షెడ్డు, మెషిన్లు అమ్మా. ఒకవేళ కంపెనీ కట్టకపోతే అప్పుడు ఈయన కట్టాల్సి ఉంటుంది. మామూలు ఫార్మాలిటీ."

ఆమెకు అరికాలి మంట నెత్తికెక్కింది. "డబ్బాలు తీసుకునేది వాళ్ళు, అమ్ముకునేది వాళ్ళు, ఎగ్గొట్టేదీ వాళ్ళే, షెడ్డు మాత్రం వీడిదా? ఇదెక్కడి మామూలయ్యా! నీ ఇల్లు రాసిస్తావా ఇలా ఎవరికైనా?"

"అక్కా, ఆయన మీద పడతావేంటి, ఆయన ఉద్యోగం ఆయనది" అని తమ్ముడు సర్దబోయాడు. "కంపెనీ పర్చేజ్ మేనేజరు స్వయంగా ఫోన్ చేశాడు. మీ మేనకోడలు మా ఇంటి మనిషే కదా, మీకు భయమేంటి అన్నాడు."

"ఏమన్నాడూ? నా కూతురి పేరు చెప్పి నీ షెడ్డు అడిగాడా?"

ఆమె కూతురి రెక్క పట్టుకుని రేకుల కట్టల వెనక్కి లాక్కుపోయింది. "ఏంటే ఇది? నిన్నట్నుంచి నీకు ముద్ద దిగట్లేదు. నీకేదో తెలుసు. చెప్పు."

"అడగొద్దమ్మా."

"అడక్కపోతే వాడు పెట్టేస్తాడే సంతకం!"

"నిన్న మీటింగయ్యాక మా అందరి చేతా రాయించుకున్నారు, లోపలి మాట బయటికి పొక్కకూడదని. పొక్కితే ఉద్యోగం పోతుంది, కేసు కూడా పెడతారు." అంది కూతురు. భయంతో కాదు, కోపంతో. "ఇందాక నువ్వన్నావే, ఊడ్చింది ఎక్కడ పోశాడని. మావయ్యలాంటి వాళ్ళ బిల్లుల్లో పోశాడమ్మా. అట్టపెట్టెల వాళ్ళు, లారీల వాళ్ళు, అందరి బిల్లుల్లో. తెచ్చింది బ్యాంకు డబ్బే, కానీ అప్పని రాయం, సరుకు బాకీ అని రాస్తాం. పేపర్లో అప్పు తగ్గినట్టే కనబడుతుంది. ఇది ఈ లెక్కలు చూసేవాళ్ళందరికీ తెలిసిందే గనక చెప్పాను. మిగతాది అడగొద్దు."

ఆ మిగతాది కూతురి ముఖం మీదే ఉంది. ఆమె చదివింది ఏడో తరగతే కావచ్చు, కన్న ముఖం చదవడానికి ఏ బడీ అక్కర్లేదు.

విసవిసా వెనక్కి వచ్చింది. "వద్దురా. పెట్టకు. నా మాట విను."

తమ్ముడు పకపకా నవ్వాడు. "ఈ ప్రెస్సు కొన్నప్పుడూ వద్దన్నావు, వేళ్ళు తెగుతాయన్నావు. ఇదిగో, అన్నీ ఉన్నాయి లెక్కపెట్టుకో. కరెంటు పెట్టించినప్పుడు షెడ్డు తగలబడుతుందన్నావు. పెళ్ళికి ముందు ఆ పిల్ల పారిపోతుందన్నావు! లోపలుంది, పిలవమంటావా?"

బ్యాంకతను కూడా నవ్వు ఆపుకోలేకపోయాడు. ఆమె ఒళ్ళు మండిపోయింది. ఎవరి మీదని మండాలో తెలియక తన మీదే ఎక్కువ మండింది. ఇన్నేళ్ళూ ఉన్నవాటికీ లేనివాటికీ ఒకటే కేకలు పెట్టి, తీరా నిజంగా పులి గుమ్మంలోకి వచ్చిన రోజున ఆమె గొంతుకు విలువ లేకుండా పోయింది.

"సరే అక్కా, నీ తృప్తి కోసం అమ్మడినే అడుగుతా" అన్నాడు తమ్ముడు, పెన్ను చేతిలోకి తీసుకుని. "అమ్మడూ, ఇలా రా. నువ్వు పెట్టమంటే పెడతా, వద్దంటే మానేస్తా. అంతే."

"అవును మేడమ్, మీరు ఆ కంపెనీయే కదా" అన్నాడు బ్యాంకతను. "మీరు చెబితే మాకూ ధైర్యం."

ఆమె చప్పున కూతురికి అడ్డం వచ్చింది. ఇందాక చెప్పు చెప్పు అని పీకిన నోరే ఇప్పుడు, "దాన్నెందుకు అడుగుతావురా, దానికేం తెలుసు!" అని అరిచింది. ఈ బ్యాంకువాడి ముందా చెప్పేది? సాయంత్రానికల్లా కంపెనీ దాకా పాకదూ? ఉద్యోగం, కేసు, పోలీసులు, కోర్టు మెట్లు, అన్నీ కళ్ళముందు గిర్రున తిరిగాయి. చెబితే కూతురు, చెప్పకపోతే తమ్ముడు. ఒక ఇంటి మనుషుల్నే ఇలా ఎదురెదురు నిలబెట్టి, ఆ నవ్వేవాడు మాత్రం గోడ మీద అద్దంలో చల్లగా ఉన్నాడు. చేతికి అందే ఎత్తులో ఉంటే ఆ అద్దం అక్కడే భళ్ళుమనేది.

కూతురు డబ్బాల వరసల ముందు నిలబడిపోయింది. ప్రెస్సు దగ్గర మనిషి ఏమనుకున్నాడో మెషిన్ ఆపేశాడు. పైన ఎండకు రేకులు చిటచిటమంటున్నాయి. బ్యాంకతను గడియారం చూసుకున్నాడు, ఫైలు సర్దాడు, మళ్ళీ తెరిచాడు. తమ్ముడి ముఖంలో నవ్వు కొద్దికొద్దిగా ఇంకిపోయింది. పెన్ను పట్టిన చెయ్యి మాత్రం కాగితం మీదే ఉంది. ఆమె కూతురి చెయ్యి పట్టుకుంది. ఆపడానికి పట్టుకుందో, అండగా పట్టుకుందో ఆమెకే తెలియదు. కూతురు ఇక నోరు విప్పదేమో అనుకుంది ఆమె. విప్పకూడదనీ అనుకుంది, విప్పాలనీ అనుకుంది.

"పెట్టకు మావయ్యా," అంది కూతురు, మేనమామను కాదు, బ్యాంకతన్నే సూటిగా చూస్తూ. "వాళ్ళు కట్టరు."