మూత పట్టని గుడ్లు

ఆ వీధిలో రంగుల బావ అంటే తెలియనివాళ్ళు లేరు. నిజానికి ఆయన ఒక్క మనిషికే బావ. కానీ భార్య చెల్లెలు గుమ్మంలో నిలబడి "బావా!" అని కేకేస్తే వీధి చివరిదాకా వినబడుతుంది గనక, పాలవాడి దగ్గర్నుంచి పోస్టుమాన్ దాకా అందరూ ఆ పిలుపే పట్టుకున్నారు. ఒకసారి ఆయన సొంత మేనమామే నోరు జారి "బావా" అనేశాడు. ఈయన "ఆఁ" అని పలికాడు కూడా. అంత నోట్లో నాలుక లేని మనిషి.

పైగా ఇల్లరికం. మామగారింట్లో ముందు గదంతా చెక్క పని. పెళ్ళైన కొత్తలో ఈయన సరదాపడి లేత్ మిషన్ దగ్గరికెళ్తే, మామగారు తిరుగుతున్న చెక్క వంక ఒకసారి, అల్లుడి వేళ్ళ వంక ఒకసారి చూసి, "అల్లుడుగారూ, మీరు రంగు వెయ్యండి" అన్నారు. ఆనాటి నుంచి ఆయనది రంగు పని. ఉలి పట్టింది మాత్రం కూతుళ్ళిద్దరే. వాళ్ళకి యాభై దాటాయి, అయినా వీధికి ఇప్పటికీ ఈయన భార్య పెద్దమ్మాయి, ఆవిడ చెల్లెలు చిన్నమ్మాయి.

వాళ్ళింటి పేరు నిలబెట్టింది వసంతకాలంలో వచ్చే పండుగకి చేసే చెక్క గుడ్లు. ఉత్త గుండ్రటి చెక్క ముక్కలు కావు. లోపల డొల్లగా ఉంటాయి. కింద అడుగు, పైన మూత. అడుగుకి పైన సన్నటి పెదవిలాంటి అంచు ఉంటుంది, మూత వచ్చి దాని మీద కూర్చుంటుంది. లోపల మిఠాయి పెట్టి పిల్లలకిస్తారు. మూత పట్టుకుని పైకెత్తితే గుడ్డంతా లేవాలి, అడుగు ఊడి పడకూడదు. అదే గుడ్డుని పసిపిల్ల చేతికిస్తే, ఆ చిట్టి వేళ్ళకి టప్పున తెరుచుకోవాలి. అక్కడుంది కిటుకంతా.

మామగారు పెద్దకూతురికి అడుగు చెయ్యడం నేర్పాడు, చిన్నకూతురికి మూత చెయ్యడం నేర్పాడు. ఇదేం చాదస్తమయ్యా అంటే, "ఒక చెయ్యి ఒకే పని మీదుంటే కుదురొస్తుంది" అనేవాడు. నన్నడిగితే ఆ ముసలాయన మహా గడుసువాడు. ఇద్దరికీ ముక్కు మీదే కోపమని ఆయనకి తెలుసు. ఒకరు లేకపోతే ఇంకొకరికి గుడ్డు పూర్తవకుండా కట్టిపడేశాడు. రెండు మిషన్లూ ఎదురెదురుగా పెట్టించాడు. అక్క ఒక అడుగు ముగించి విసిరితే, చెల్లి గాల్లోనే పట్టుకుని దానికి సరిపడా మూత తీసేది. మధ్యలో కబుర్లు, దెప్పుళ్ళు, నవ్వులు. రంగుల బావ తన మూలన చిన్న మిషన్ ముందు కూర్చుని, ఆ సందడి వింటూ రంగులు వేసుకునేవాడు. ఆయనకి అంతకన్నా సుఖం ఇంకోటి తెలీదు.

ఆ సుఖానికి ఈ చలికాలంలో ఎసరొచ్చింది. పోయిన పండుగకి గుడ్డు కొన్న ఒకావిడ దాన్ని పట్టుకుని వచ్చింది.

"అమ్మా, ఇది ఇంతవరకు తెరుచుకోలేదు. లోపల మిఠాయి పెట్టి మూత నొక్కామా, అంతే. మా ఆయన పళ్ళతో కూడా చూశారు."

అక్క ఆ గుడ్డు చూడకుండానే అంది. "అది దాని మూత బిగువు. నేనెప్పట్నుంచో చెప్తూనే ఉన్నా."

"నా మూతకేమైంది? నీ అడుగు అంచే లావు," అంది చెల్లి.

ఆవిడకి వేరే గుడ్డిచ్చి పంపేశారు. కానీ మాట ఆగలేదు. మూతల మీద మొదలైంది కాస్తా మనుషుల మీదికి వెళ్ళింది. "నీకు చెప్తే ఎక్కదు" అని అక్క అంటే, "నీకు చెప్పడమే తప్ప వినడం రాదు" అని చెల్లి అంది. అక్క కోపంలో, "అంత గొప్పదానివైతే వేరే పెట్టుకో" అనేసింది. అనకూడని మాట. అన్న మరుక్షణం ఆవిడ మొహం పాలిపోయింది కూడా. అయితే మాట వెనక్కి తీసుకోవడం ఆ ఇంటా వంటా లేదు. చెల్లి వెళ్ళి మార్కెట్ వెనకాల ఒక గది మాట్లాడి, తాళంచెవి తెచ్చుకుంది. పండుగ సరుకు షాపుకి చేరగానే తన మిషన్ తీసుకుపోతానని బావతో చెప్పింది. అక్కతో చెప్పలేదు, ఎందుకంటే అప్పటికే మాటల్లేవు.

రెండు మిషన్ల మధ్యా చెక్కల అడ్డు లేచింది. ఎవరి బుట్ట వాళ్ళది. మధ్యలో నలిగిపోయింది రంగుల బావ.

"ఏమండీ, కరెంటు బిల్లొచ్చిందని మీ మరదలికి చెప్పండి."

"బావా, వినబడిందని మీ ఆవిడకి చెప్పు."

"నేను మనిషినా, మైకునా?" అని ఆయన గొణుక్కునేవాడు. గట్టిగా అనే ధైర్యం ఎక్కడిది! కానీ చిటికెడు నవ్వు కూడా లేని ఆ గదిలో కూర్చుంటే ఆయనకి గుండె మీద రాయి పెట్టినట్టుండేది. చిన్నమ్మాయి వెళ్ళిపోతే పెద్దమ్మాయి ఏమైపోతుందో ఆయనకి తెలుసు. పగలంతా మొండిగా ఉలి పట్టుకుని, భోజనాల దగ్గర మాత్రం చెల్లెలి పీట వంక చూసి ముద్ద వదిలేస్తోంది. చిన్నమ్మాయి సంగతి చెప్పనే అక్కర్లేదు. వీధంతా వినబడే ఆ గొంతు ఇప్పుడు పక్క గదిలోకి కూడా వినబడటం లేదు.

పండుగ వారం వచ్చింది. అడుగుల బుట్ట ఇటు నుంచి, మూతల బుట్ట అటు నుంచి ఆయన ముందుకొచ్చాయి. ఆయన ఒక అడుగు తీసి, మూత పెట్టి, చిన్న మిషన్‌కున్న గిన్నెలాంటి పట్టులో బిగించి తిప్పాడు. తిరిగే చెక్కకి లక్క కడ్డీ ఆనిస్తే చాలు, రాపిడి వేడికి లక్క కరిగి పసుపో ఎరుపో చుట్టూ పరుచుకుంటుంది. ఆయన పసుపు కడ్డీ ఆనించాడు. మూత ఎగిరొచ్చి ఆయన ముక్కుకి తగిలింది.

"అబ్బా!"

"ఏమైందండీ?" అంది పెద్దమ్మాయి ఇటు నుంచి.

"ఏమైంది బావా?" అంది చిన్నమ్మాయి అటు నుంచి.

"తుమ్మొచ్చింది," అన్నాడు.

ఇంకో జత పెట్టాడు. ఈసారి మూత కిటికీలోంచి వీధిలోకి పోయింది. మూడోది తిప్పకుండా చేత్తో పట్టుకుని మూతతో పైకెత్తాడు. అడుగు టప్పున కింద పడింది. బుట్టలో చెయ్యి పెట్టి ఏది తీసినా అంతే. ఒక్కటీ నిలవదు, అన్నీ లొడలొడ. కొంప మునిగింది అనుకున్నాడు ఆయన. ఒకరి మీద కసితో ఇంకొకరు పని చెడగొట్టారు కాబోలు. ఈ సంగతి బయటపడితే నువ్వంటే నువ్వని మళ్ళీ మొదలెడతారు. అప్పుడింక చిన్నమ్మాయి పండుగ దాకా కూడా ఆగదు, ఈ సాయంత్రమే మిషన్ లాక్కుపోతుంది.

చెమట తుడుచుకుంటూ అటూ ఇటూ చూశాడు. అలమారలో, అంతా మొదలెట్టిన ఆ బిగుసుకుపోయిన గుడ్డు కనబడింది. అసలు పాత కొలత ఎంతుండేదో చూద్దామని దాన్ని దించి, చుట్టూ సుత్తితో మెల్లగా తట్టాడు. చాలాసేపటికి ఊడింది. లోపల మిఠాయి రాయైపోయి ఉంది. ఆయన ఆ పాత మూత తీసి, పెద్దమ్మాయి కొత్త అడుగు మీద పెట్టాడు.

చక్కగా కూర్చుంది. ఎత్తితే లేచింది, లాగితే టప్పున వచ్చింది.

ఆయన కళ్ళు పెద్దవయ్యాయి. ఈసారి చిన్నమ్మాయి కొత్త మూత తీసి పాత అడుగు మీద పెట్టాడు. అదీ కూర్చుంది. ఎత్తితే లేచింది, లాగితే టప్పున వచ్చింది.

రంగుల బావకి లెక్కలు పెద్దగా రావు గానీ ఈ లెక్క మాత్రం వెంటనే తేలింది. కసి కాదు, కాకరకాయ కాదు. చెల్లి తన అంచు లావంది కదా అని అక్క ఎవరికీ చెప్పకుండా అంచు పల్చన చేసింది. అక్క తన మూత బిగువంది కదా అని చెల్లి ఎవరికీ చెప్పకుండా మూత వెడల్పు చేసింది. ఏ ఒక్కరు దిగొచ్చినా సరిపోయేది. ఇద్దరూ దిగొచ్చారు. మూతి ముడుచుకుని, మొహాలు తిప్పుకుని, అడ్డుకి చెరోపక్కా కూర్చుని మరీ దిగొచ్చారు! ఆయనకి నవ్వొచ్చింది, వెనకే ఏడుపొచ్చింది. అలాగే లేచి వెళ్ళి గోడకున్న మెయిన్ స్విచ్ కిందికి లాగేశాడు.

రెండు మిషన్లూ మూలుగుతూ ఆగిపోయాయి.

"కరెంటు పోయిందా?" అంటూ ఇద్దరూ బయటికొచ్చారు. ఒకరినొకరు చూసుకుని, తలలు తిప్పుకోబోయారు.

"కదిలారంటే ఊరుకోను!" అన్నాడు రంగుల బావ. పెళ్ళైనప్పటి నుంచీ ఆ ఇంట్లో ఆయన గొంతు అంత పైకి లేవడం అదే మొదలు. అక్కచెల్లెళ్ళు నోళ్ళు తెరుచుకుని నిలబడిపోయారు. ఆయన ఒక కొత్త అడుగు, కొత్త మూత తీసి కలిపి ఎత్తాడు. అడుగు కిందపడి దొర్లుకుంటూ పోయింది. మరో జత ఎత్తాడు. అదీ దొర్లింది. "బుట్ట బుట్టంతా ఇంతే. నేను నోరు మూసుకుంటాను, మీరే చూసుకోండి."

పెద్దమ్మాయి వంగి ఒక మూత తీసింది. లోపలి అంచు మీద వేలు తిప్పింది. మళ్ళీ తిప్పింది.

"ఇంత తీసేశావేమే, పిచ్చిదానా?"

చలికాలం నుంచి చెల్లెలితో ఆవిడ అన్న మొదటి మాట అది.

"బిగువు బిగువని నువ్వేగా నా ప్రాణం తీశావు!" అని, చిన్నమ్మాయి ఒక అడుగు అందుకుని వెలుతురుకి పెట్టి చూసింది. "మరి ఇదేంటి? ఇంత పల్చన చేశావు?"

"లావని నువ్వనలేదూ?"

"నేనంటే? నువ్వెప్పుడు విన్నావే నా మాట?"

"విన్నాను. చెప్పలేదంతే," అంది పెద్దమ్మాయి, చెక్క పొట్టు అంటిన చెంగుతో ముక్కు తుడుచుకుంటూ.

ముందు చిన్నమ్మాయికి నవ్వొచ్చింది. కడుపులోంచి, వీధంతా వినబడేలా. ఆ నవ్వు చూసి అక్కకీ ఆగలేదు. ఇద్దరూ అలా దొర్లిన అడుగుల మధ్య కూలబడి పకపకా నవ్వుతుంటే, ఎదురింటి దర్జీ సూది పట్టుకుని మరీ గుమ్మంలోకొచ్చి తొంగి చూశాడు.

"సరే, నవ్వింది చాలు. సరుకు సంగతేంటి?" అన్నాడు రంగుల బావ.

"అడుగులన్నీ మళ్ళీ చేస్తాను. పాత కొలతకి పోతా," అంది అక్క.

"నువ్వెందుకు? నేనే మూతలు చేస్తా, పాత కొలతకి," అంది చెల్లి.

"నేనంటున్నాగా!"

"నేనూ అంటున్నాగా!"

"మహాతల్లులారా!" అని రెండు చేతులూ ఎత్తేశాడు ఆయన. "ఈసారి ఇద్దరూ వెనక్కిపోతే వీధి వీధంతా పళ్ళతో తీసుకోవాలి. ఒక్కరు చెయ్యండి. ఒక్కరంటే ఒక్కరు!"

పెద్దమ్మాయి చేతిలో ఉన్న మూతని అటూ ఇటూ తిప్పింది. "నీ మూతలు అలాగే ఉంచు. నేనే చేస్తా," అంది. తర్వాత తల ఎత్తకుండానే, "నువ్వా గదికి పోతే మాత్రం నేనింక ఉలి పట్టనే. నాకు చేతకాదు. నువ్వు లేకుండా నాకేదీ చేతకాదు," అంది.

ఆ మాట ఆ నోట్లోంచి వస్తుందని రంగుల బావ కలలో కూడా అనుకోలేదు. ఆయన కళ్ళు నీళ్ళతో నిండిపోయాయి, దాచుకోవాలని కూడా అనిపించలేదు.

"ఆ ముక్క ముందే అనుంటే నేను గదెందుకు మాట్లాడతానే?" అంది చిన్నమ్మాయి.

"ముందే అంటే నెత్తికెక్కి కూర్చోవూ?"

"ఇప్పుడు మాత్రం ఎక్కనా?" అంటూ చిన్నమ్మాయి లేచింది. గూట్లోంచి ఏదో తీసుకుని చెప్పులేసుకుంది.

"ఎక్కడికే?"

"ఆ గదాయన తాళంచెవి ఆయన మొహాన కొట్టొస్తా."

"ఇప్పుడా? అంత పని పెట్టుకుని? రేపిద్దువుగాని, కూర్చో."

"రేపటిదాకా నాకు నిద్ర పట్టదు."

పెద్దమ్మాయీ చెంగు దులుపుకుని లేచింది. "ఆగు. నేనూ వస్తా."

"ఏమర్రా, మరి గుడ్లో?" అని రంగుల బావ మొత్తుకున్నాడు. ఎవరు వింటారు? తలనిండా చెక్క పొట్టుతో, చేతులు పట్టుకుని, ఒకరి మాట ఇంకొకరు వినకుండా ఇద్దరూ ఒకేసారి మాట్లాడుకుంటూ అక్కచెల్లెళ్ళు వీధి మలుపు తిరిగారు. వాళ్ళ నవ్వు వినబడినంతసేపూ ఆయన గుమ్మంలోనే నిలబడ్డాడు. తర్వాత లోపలికొచ్చి, సుత్తి తీసుకుని, అడ్డు చెక్కలు ఒక్కొక్కటే ఊడపీకడం మొదలుపెట్టాడు.