తేనెటీగల తీర్పు

మైనం కుంచె కోడలి చేతికివ్వాలంటే అత్తకు ప్రాణం పోయినంత పని. ఆ ఇంట్లో మైనం కరిగించేదీ, దానితో బట్ట మీద పువ్వులు గీసేదీ అత్తే. మైనం గీసిన చోట రంగు అంటదు. ఆ బట్టను నీలిమందు తొట్టిలో ముంచి, మోచేతుల దాకా నీలమయ్యేది కోడలు.

"నువ్వు గీసిన పువ్వు మీద తేనెటీగ వాలిన రోజున కుంచె నీదేనే అమ్మాయ్," అని అత్త ఇరుగుపొరుగు ముందే ఎకసెక్కమాడింది.

కోడలు పట్టుబట్టి ఒక్క బట్ట గీసింది. పువ్వు క్యాబేజీలా వచ్చింది. రంగులో ముంచి దండెం మీద ఆరేసిందో లేదో, లోకంలోని తేనెటీగలన్నీ పెళ్ళివారిలా దిగి, మైనమున్న చోటల్లా బారులు తీరాయి. ఇరుగుపొరుగు గోడెక్కి చూశారు.

అత్త తేనెటీగలను తోలి, పువ్వును నాకింది. తియ్యగా ఉంది.

"మైనంలో తేనె ఉండిపోయిందే," అని కోడలి చెవిలో బుసకొట్టింది.

"కడిగి కరిగించింది మీరేగా అత్తయ్యా. అందరికీ చెప్పమంటారా?"

"ఏం తేలింది వదినా?" అని గోడ మీంచి పక్కింటావిడ అడిగింది.

అత్త నోట్లోని తీపిని గుటుక్కున మింగింది.

"తేలేదేముంది. పువ్వు అసలైనదే," అని కుంచె కోడలి చేతిలో పెట్టింది.