పక్కవాడి సగం

జీవకణాల మీద ఐదేళ్లు పరిశోధించిన గాడ్విన్‌కు డాక్టరేట్ వచ్చింది గానీ ఉద్యోగం రాలేదు. కోలారులో ఒక ప్రైవేటు కాలేజీ ఇంటర్వ్యూకు పిలిచిందనగానే కేజీఎఫ్‌లో వాళ్లమ్మ ఫిలోమినా చర్చిలో కొవ్వొత్తి వెలిగించి వచ్చింది. నాన్న పెళ్లినాటి కోటు తొడుక్కుని గాడ్విన్ బస్సెక్కాడు.

ఇంటర్వ్యూ చేసింది ఇద్దరు. శ్రీనివాసపురంలో మామిడి మండీ నడుపుతూ, పుణ్యానికని కాలేజీ కూడా పెట్టిన వెంకటరామప్ప ఒకరు. ఆయన నోరు తెరవకముందే తలూపే ప్రిన్సిపాల్ పురుషోత్తమ్ ఇంకొకరు. ఉద్యోగం ప్రిన్సిపాల్ బావమరిదికి ఎప్పుడో ఖాయమైందని గుమస్తా బయటే చెప్పేశాడు. అయినా పద్ధతంటూ ఒకటుంది కదా.

ఏం పరిశోధన చేశావని వెంకటరామప్ప అడిగితే గాడ్విన్ ఓపిగ్గా చెప్పాడు. పక్కపక్క కణాల మధ్య సన్నని దారులు గుంపుగా ఉంటాయి. ప్రతి దారిలో సగం ఈ కణానిది, సగం ఆ కణానిది. ఒకసారి అతుక్కున్నాక ఆ సగాలు విడిపోవు. అందుకే పాతబడిన దారులను ఒక కణమే గుంపుగా, పక్కదాని పొరముక్కతో సహా, లోపలికి లాక్కుని మింగేస్తుంది.

తోటల గట్టు తగాదాల్లో తలపండిన వెంకటరామప్ప కుర్చీలో ముందుకు జరిగాడు.

"అయితే పక్కోడి సగం కూడా ఇదే మింగేస్తాదా?"

"అవును సార్."

"ఒక్కటే అంత పని యెట్ల చేస్తాదప్పా?"

"లోపల యాక్టిన్ అని సన్న దారాలుంటాయి సార్. గుంజేదానికి అవి సాయం చేస్తాయి. ఆ దారాలు చెడిపోయే మందేసి చూసినాను. మింగడం బాగా తగ్గిపోయింది."

"అదే. వెనకాల మనుషులుండాల," అన్నాడు వెంకటరామప్ప తృప్తిగా.

ఇంతకీ ఎవరు ఎవరిది మింగాలో ఎలా తేలుతుందని ఆయన అడిగాడు. అది తనకూ ఇంకా తెలియదని గాడ్విన్ ఒప్పుకున్నాడు. ప్రిన్సిపాల్‌కు సందు దొరికింది. ఈ దారులు ఉంటాయనే సిలబస్‌లో ఉంది తప్ప పోతాయని లేదన్నాడు. అవి కొన్ని గంటలే ఉంటాయనీ, కొత్తవి వస్తూనే ఉంటాయనీ గాడ్విన్ చెబితే, గంటల్లో పోయేదానికి పరీక్షలో బొమ్మ ఎలా వేయిస్తామని నిలదీశాడు. అనుభవమంటే అదీ.

ఉద్యోగం బావమరిదికే వచ్చింది, న్యాయంగా, ఇంటర్వ్యూ జరిపి మరీ.

నెల తిరక్కుండానే ప్రిన్సిపాల్ ఫోన్ చేశాడు. తనిఖీ బృందం వస్తోందట, బావమరిదికి సరిగ్గా ఇప్పుడే గొంతు పోయిందట, ఒక్క క్లాసు చెప్పి పొమ్మన్నాడు. గాడ్విన్‌కు ఒళ్లు మండింది. కానీ తన కణాల సంగతి వినేవాళ్లు దొరక్క మొహం వాచి ఉన్నాడు. వెళ్లాడు.

రెండు ప్లాస్టిక్ కవర్లను టేపుతో అతికించి, ఒక కవర్లో చెయ్యిపెట్టి అతుకును లోపలికి లాగాడు. పక్క కవరూ దానితోపాటు వచ్చింది. పిల్లలు నవ్వారు. చైత్ర అనే అమ్మాయి మాత్రం నవ్వలేదు.

"పక్క కవరు చిరిగిపోదా సార్?"

"కవరైతే చిరుగుతుందమ్మా. కణం చిరగదు. తెగిన చోట అంచులు మళ్లీ అతుక్కుంటాయి."

ఆ అమ్మాయి ఆ మాట నోటుబుక్కులో రాసుకుంది. తనిఖీవాళ్లు మెచ్చుకున్నారు. వెంకటరామప్ప అతని భుజం మీద చెయ్యేసి, మా సొంత లెక్చరరని వాళ్లకు పరిచయం చేశాడు.

ఇంటికొచ్చాక ఉద్యోగం వచ్చిందా అని ఫిలోమినా అడిగింది.

"వచ్చిందమ్మా. ఒక గంట ఉండింది."

మళ్లీ తనిఖీ ఎప్పుడని ఫిలోమినా అడిగింది.