ఎడమరెక్క ఈక

నేను ఒక బాణాన్ని. గుట్ట మీది వెదురుపుల్ల, మూడు కోడి ఈకలు, కాస్త తుమ్మబంక, ఒక ఇనుప ములికి, ఇంతే నా ఒళ్ళు. నా జాతివాళ్ళు తమ కథ తల ఎత్తుకుని చెప్పుకుంటారట. నాకా యోగం లేదు. సిగ్గుపడుతూనే చెబుతాను.

నన్ను చేసినవాడు భుజంగరావు. ఏజెన్సీలో ఓ చిన్న ఊళ్ళో పశువుల ఆసుపత్రి కాంపౌండరు. డాక్టరు నెలకోసారి వచ్చి పోయేవాడు కనుక ఊరివాళ్ళు ఈయన్నే డాట్రుబాబు అనేవారు. ఆయనా కాదనేవాడు కాదు. నలభై నాలుగేళ్ళ వయసులో ఆయనకు విల్లు మీద మోజు పుట్టి, సోడె జోగయ్య అనే కోయ పెద్దాయన దగ్గర చేరాడు. నెల రోజులు జోగయ్య బాణాలే వేశాక, ఇక తన బాణం తానే కట్టుకుంటానని పట్టుబట్టాడు.

జోగయ్య ఓపికగా నేర్పాడు. పుల్లను సెగ మీద కాచి వంకర తీయడం, ఈక వెన్నును నిలువునా చీల్చడం, నారి పట్టే గాడికి బెత్తెడు ఇవతల అతికించడం, అన్నీ చూపించాడు. మూడు ఈకలూ ఒకే రెక్కవి కావాలన్నాడు. కుడిరెక్క ఈక ఒకవైపు వంగుతుంది, ఎడమరెక్కది ఇంకోవైపు. రెండూ కలిస్తే ఎటు తిరగాలో తెలియక బాణం తడబడుతుంది. బంక రెండు రోజులు ఆరాలి. వేస్తే గుట్టవైపే వేయాలి. భుజంగరావు అన్నిటికీ తల ఊపాడు. తల ఊపితే విన్నట్టేనని, అప్పటికింకా వట్టి వెదురుపుల్లగా ఉన్న నేను అనుకునేదాన్ని.

ఇంటికొచ్చి కూర్చున్నాక కుడిరెక్క ఈకల్లో ఒకటి చీలుస్తుంటే చిరిగిపోయింది. మిగిలినవి రెండే. ఆయన అటూ ఇటూ చూసి, ఎడమరెక్క ఈక ఒకటి తీసి అతికించేశాడు. ఆసుపత్రిలో కుట్లు వేసే నల్లదారంతో చుట్టి, నన్ను అద్దం ముందు పట్టుకుని మురిసిపోయాడు. మర్నాడు పొద్దున్నే, బంక ఇంకా వేలికి అంటుకుంటుండగానే, పెరట్లో గడ్డిమోపు నిలబెట్టి ఎక్కుపెట్టాడు. కంచె అవతల పశువులు మేతకు పోయే బాట.

నారి వదలగానే నాకు తెలిసిపోయింది. ఎడమరెక్క ఈక ఊడి దారానికి వేలాడింది. నేను గిలగిలలాడి, పక్కకు ఒరిగి, కంచె దాటాను. మెత్తగా, వెచ్చగా ఏదో తగిలింది. అది ఒక్క అరుపు అరిచి పరుగు తీసింది, తొడలో దిగిన నాతో సహా. భుజంగరావు కంచె దగ్గరికి వచ్చి కాసేపు పొదల్లో వెతికాడు. దూడలు అరుస్తూనే ఉంటాయని తనకు తాను చెప్పుకుని స్నానానికి వెళ్ళాడు.

పది గంటలకు కుర్సం లచ్చి అనే ఆవిడ ఆ దూడను ఆసుపత్రికి తోలుకొచ్చింది. నన్ను చేసిన చేతులే నన్ను బయటికి లాగాయి. నల్లదారం కనబడగానే ఆ చేతులు ఆగిపోయాయి.

"ఎవరి బాణం డాట్రుబాబూ ఇది?" అని అడిగింది లచ్చి.

"ఎవరిదో మరి."

"ఈకల బాణం కట్టేది ఊళ్ళో జోగయ్య ఒక్కడే గదా."

ఆయన దూది కోసం అటు తిరిగాడు.

సాయంత్రం పెద్దలు జోగయ్యను పిలిపించారు. దెబ్బ ఎంత లోతో చెప్పడానికి భుజంగరావునూ పిలిచారు. ఆయన బాణం కట్టి ఉంటాడని ఎవరికీ తోచలేదు, తోచినవాళ్ళు అడగలేదు. జోగయ్య నన్ను వేళ్ళ మధ్య తిప్పాడు. ఎదురువైపు వంగిన ఈక మీద ఆయన బొటనవేలు ఆగింది. తలెత్తి భుజంగరావును చూశాడు.

"నేను నేర్పిన కట్టే ఇది. తప్పు నాది," అన్నాడు.

ఆ ఏడు భూమి పండగకు విల్లు పట్టరాదని ఆయనకు కట్టడి వేశారు. పండగనాడు మొదటి బాణం వేసే మర్యాద ముప్పై ఏళ్ళుగా ఆయనది.

దాచిపెడతానని చెప్పి భుజంగరావు నన్ను తెచ్చుకుని, మందుల బీరువాలో డబ్బాల వెనక పడేశాడు. రోజూ దూడకు కట్టు మార్చేవాడు. లచ్చి రోజు మార్చి రోజు ఓ లేత సొరకాయ తెచ్చి, నీ చెయ్యి చల్లన బాబూ అని బల్లమీద పెట్టి పోయేది. ఆయన వద్దనేవాడు, ఆమె వినేది కాదు. బీరువా సందులోంచి చూసేదాన్ని. ఆమె వెళ్ళాక ఆయన తల పట్టుకుని కూర్చునేవాడు. జోగయ్య బాటన పోతుంటే కిటికీ రెక్క మూసేసేవాడు. సిగ్గు మనిషిని నిలబెడుతుందంటారు గానీ, నేను చూసినంతలో ముందు దాక్కోబెడుతుంది.

పండగ పొద్దున డప్పుల మోత మొదలయ్యాక ఆయన నన్ను తీసి, చొక్కా కింద దాచకుండా పట్టుకుని జనం మధ్యకు వెళ్ళాడు. నన్ను పైకెత్తి అందరికీ చూపించాడు.

"ఈ బాణం నాది. దూడకు తగిలింది నా చేతి నుంచే. జోగయ్యకేం సంబంధం లేదు."

డప్పులు ఆగాయి. లచ్చి ఆయన ముఖంలోకి చూసింది.

"మరి నా సొరకాయలు ఎట్టా తిన్నావయ్యా?" అంది. అప్పటినుంచి ఆమె డాట్రుబాబూ అనడం మానేసింది.

పెద్దలు జోగయ్యకు విల్లు తిరిగి ఇచ్చారు. ఆయన పొంగిపోలేదు. "నీదేనని నాకు ఆనాడే తెలుసు సారూ. చెప్తావో చెప్పవో, అదే తెలవలేదు," అన్నాడు.

పండగ వెళ్ళిన వారానికి భుజంగరావు, ఎవరూ పిలవకుండానే, జోగయ్య ఇంటికి వెళ్ళి ముంగిట్లో కూర్చుని నా ఈకలు ఊడదీశాడు. మూడూ కుడిరెక్కవే ఏరి, చీల్చి, అతికించి, రెండు రోజులు నీడన ఆరబెట్టాడు. మూడోనాడు ఇద్దరూ గుట్టవైపు వెళ్ళారు. నన్ను నారికి తొడిగేసరికి, కింది బాట మీద లచ్చి దూడను తోలుకుంటూ వస్తోంది. దూడ ఇంకా కొంచెం కుంటుతోంది. ఆమె మమ్మల్ని చూసింది. చూసి, దారి పక్కన పచ్చగా ఉన్న చోట దూడను మేతకు వదిలి, ఓ రాయి మీద కూర్చుంది.

దూడ అక్కడున్నంతసేపు బాణం వేయకూడదని భుజంగరావు విల్లు దించాడు. ఆసుపత్రి తెరిచే వేళ దాటిపోతోంది. జోగయ్య చుట్ట వెలిగించాడు. దూడ ఒక్కొక్క పరకే కొరుకుతోంది. లచ్చి తొందరపడలేదు. ఆయన కూడా కదలకుండా, ఎండలో, తలవంచుకుని అలాగే నిలబడ్డాడు.