జ్వరగోపనము

చండభానుని ప్రచండకిరణములచే నిసుకనేలలు నిప్పుకలై జీడితోటల యాకులు వాడి సముద్రముపై నుండి వీచు గాలి సైతము వడగాలియై మండుచున్న జ్యేష్ఠమాసమున ఉద్దానసీమ యందలి పల్లెలన్నియు మహమ్మారి భయమున వాకిళ్లు మూసికొని యుండెను. బస్సులు నిలిచెను. సంతలు నిలిచెను. వారమునకు మూడు మారులు యంత్రముచే రక్తము శుద్ధి చేయించుకొననిదే బ్రదుకజాలని మూత్రపిండరోగులకు మాత్రము గడప దాటక తప్పదయ్యెను.

అట్టివారిలో దాలమ్మ యొకతె. జీడిపిక్కలు కొట్టి పొట్టపోసికొను నామె మరణించిన దాత మూత్రపిండము కొరకై పట్టికలో పేరు వ్రాయించుకొని రెండేండ్లుగా నెదురుచూచుచుండెను.

ఆ పల్లె రోగులు నలుగురును ఒక్క ఆటోలో మోకాళ్లు రాచుకొనుచు ఎనిమిది క్రోసుల దూరమందలి డయాలసిస్ కేంద్రమునకు పోయెడివారు. అచటి గుమ్మమున నుదుటికి గురిపెట్టి వేడిని కొలుచు పరికరము కలదు. జ్వరమున్నవారిని నగరమునకు పొమ్మందురు. పోవుటకు బండి లేదు. నాలుగు దినములు యంత్రమెక్కకున్న ప్రాణము లేదు. కావున నలుగురిలో నెవరికి మేను వెచ్చనైనను బయలుదేరుటకు ముందొక మాత్ర మ్రింగుటయు తక్కిన మువ్వురు నోరు మెదపకుండుటయు వారిలో నొక యలిఖితధర్మమై నిలిచెను. మహమ్మారికి పేద గొప్ప యను భేదము లేదని మేడలపై గూర్చుండి పలికినవారు పెక్కండ్రు కలరు గాని ఒక ఆటోలో నలుగురు గూర్చుండి పలికినవారు లేరు.

ఒక సోమవారము నాడు కొబ్బరికాయలు దింపి జీవించు తవిటయ్య దాలమ్మ ప్రక్కన గూర్చుండి వడగాలిలో చలికి వణకుచు మాత్ర మ్రింగెను. దాలమ్మ చూచెను. చూడనట్లు ముఖము త్రిప్పుకొనెను. మరునాటి యుదయమున నగరమందలి పెద్దాసుపత్రినుండి మూత్రపిండము దొరకినదనియు వెంటనే రావలెననియు ఫోను వచ్చెను.

ఆసుపత్రివారే పంపిన బండిలో నామె నగరము చేరెను. అచట ముక్కున పుల్ల పెట్టి చేసిన పరీక్షయందు రోగము కనబడలేదు. వైద్యుడు మాత్రము తృప్తిపడక యామె కెదురుగా నిలిచెను.

"అమ్మా, ఈ వారంలో జ్వరమున్నవాళ్ల దగ్గర కూర్చున్నావా? దాచకు. నిన్న అంటిన జబ్బు ఈ పరీక్షలో ఇవాళే కనపడదు. ఆపరేషన్ అయ్యాక రోగాన్ని ఎదిరించే శక్తిని మందులతో మేమే అణిచేస్తాం. అప్పుడది బయటపడితే నువ్వూ దక్కవు, కిడ్నీ దక్కదు."

పట్టికలో నామె తరువాతి పేరు గలవాడును పిలువబడి యద్దాల గదిలో వేచియుండెను. మేడమీది గదిలో నెలల తరబడి యొంటరిగా వసించి సొంత కారులో యంత్రమునకు పోయివచ్చిన యాతనికి దాచదగినది యేదియు లేదు. సత్యము పలుకుట యాతనికి ఖర్చులేని పని. దాలమ్మకో ముందు నుయ్యి వెనుక గొయ్యి. పలికిన మూత్రపిండము పోవును. పలుకకున్న ప్రాణమే పోవచ్చును. తుద కామె పలికెను.

"బావూ, నిన్న ఆటోలో నా పక్కనున్న మనిసికి జరం. మాత్ర మింగీసి లోనకొచ్చినాడు. నాను సూసినాను."

"పద్నాలుగు రోజులు ఆగాలి తల్లీ" అని వైద్యుడు తల వంచుకొనెను. దాలమ్మ యాగగలదు గాని మూత్రపిండ మాగదు. అది అద్దాల గదిలోని వానికి పోయెను. ఆటోలోని జ్వరపు మనిషి పేరేమని వైద్యు డడుగగా దాలమ్మ మిన్నకుండెను. అది తప్పని యామెకు తెలియును. పేరు చెప్పిన తవిటయ్యకు యంత్రము లేదనియు తెలియును.

బుధవారము మరల డయాలసిస్ దినము. ఆటో వచ్చి నిలిచెను. లోపల తవిటయ్య యెఱ్ఱబడిన కన్నులతో ముడుచుకొని యుండెను. జరిగిన సంగతి యప్పటికే వాని చెవిని పడినది.

"సెల్లీ, నీ నోటికాడ కూడు నాను తీసీసినాను. నాను దిగిపోతాను, నువ్వెల్లు."

"దిగిపోతే ఎలగెల్తావు? ఎనకాతల ఇంకో ఆటో నేదు కదా అన్నా. జరుగు."

తవిటయ్య జానెడు జరిగెను. అంతకు మించి యందు చోటు లేదు. దాలమ్మ కొంగుతో ముక్కును నోటిని బిగించి కట్టుకొని వాని కాగుచున్న భుజమునకు తన భుజము తగులగా గూర్చుండెను. ఆటో కదలెను. ఆమె యూపిరి బిగబట్టెను. ఎనిమిది క్రోసుల దూరము ఊపిరి బిగబట్టుట యెవరికి సాధ్యము.